మందులు మానేసిన తమ్ముడికి ఇంట్లోనే బలవంతంగా చికిత్స చేయించే చట్టం ఉందా?

ఇంగ్లండులో ఉంది, ఇక్కడ లేదు. ఈ మందు వాడాలి, మాట తప్పితే వెనక్కి రప్పిస్తాం అని ఉత్తర్వు రాసి ఇంటికి పంపే పద్ధతి అక్కడ 2008 నుంచి నడుస్తోంది. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఆసుపత్రిలో చేర్చే దారులున్నాయి, ప్రాణం మీదికి వస్తే 72 గంటల అత్యవసర చికిత్స ఉంది. ఇంట్లో ఉన్నవాడి చేత నెలల తరబడి మాత్ర మింగించే ఉత్తర్వు మాత్రం లేదు.

చట్టం లేకపోతేనేం, అమ్మ ఉంది కదా! ఆసుపత్రి నుంచి తార్నాకలోని ఇంటికి వచ్చాక నేనూ మాత్రలు మానేశాను. అవి వేసుకుంటే కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి. చెబితే డాక్టరు అలవాటవుతుందన్నారు. మానేసిన కొన్నాళ్లకే ఇంట్లో నన్ను బతిమాలడం ఆపేశారు. భోజనం చివర నాకు మాత్రం స్టీలు గ్లాసులో మజ్జిగ విడిగా వచ్చేది. "వేడి చేసింది, తాగు నాన్నా" అనేది అమ్మ.

ఒకరోజు భోజనానికి వచ్చిన బావ, అమ్మ వంటింట్లో ఉండగా ఆ గ్లాసెత్తి గటగటా తాగేశాడు. ఆ తర్వాత బస్సెక్కి ఖైరతాబాద్‌లో దిగవలసినవాడు మెహదీపట్నంలో కండక్టరు భుజం తట్టి లేపితే లేచాడు. అక్కడి నుంచే ఫోను. "అత్తయ్యా, మజ్జిగలో ఏం కలిపారు?" ఫోనెత్తింది నేను.

నాకు ముందు నవ్వొచ్చింది. కోపం రాత్రికి వచ్చింది. తిండిలో ఏదో కలుపుతున్నారని నేను ఆసుపత్రిలో అన్నప్పుడు దాన్ని జబ్బు లక్షణంగా రాసుకున్నారు. ఇప్పుడు నిజంగానే కలిపారు! ఆ తర్వాత చాలాకాలం ఇంట్లో తొక్క ఉన్న అరటిపండునే నమ్మాను.

అందుకే నా దృష్టిలో ఇంగ్లండు ఉత్తర్వే నయం. దాని మీద ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు, మజ్జిగ మీద ఎక్కడికి వెళ్తాం? అలాగని దానివల్ల ఒరిగేదీ లేదు. అక్కడే 336 మందితో చేసిన పరిశోధన 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ ఉత్తర్వు ఉన్నా లేకున్నా తిరిగి ఆసుపత్రిలో చేరినవాళ్ల శాతం ఒక్కటే. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

ఇంకో మాట. రోగి కుర్చీలో నేను కూర్చుని ఉంటే డాక్టర్లు "ఎలా ఉంటున్నాడు?" అని అమ్మను అడుగుతారు. కూరలో ఉప్పెక్కువైందంటే ఇంట్లో "మందు వేసుకున్నావా?" అంటారు. నాకు కోపం తెచ్చుకునే హక్కు ఆసుపత్రి చీటీతోనే పోయింది. ఇక మన నగరం సంగతి సరేసరి, ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్తున్నానన్నా పక్కింటివాళ్లు ముసిముసిగా నవ్వుతారు.

మీ తమ్ముడు ఎందుకు మానేశాడో అడిగారా? నిద్రమత్తా, బరువా, కాళ్లా? నా కాళ్ల గోడు విన్న ఇంకో డాక్టరు మందు మార్చారు. ఇప్పుడు నెలకోసారి నేనే వెళ్లి ఇంజెక్షన్ వేయించుకుంటున్నాను. బాగున్నప్పుడు మీ తమ్ముడి చేత నామినీ ప్రతినిధి పేరు, అంటే జబ్బు పెరిగినప్పుడు చికిత్స విషయంలో తన తరఫున నిలబడే మనిషి పేరు, రాయించండి. చట్టం ప్రకారం తెల్లకాగితం మీద సంతకమో వేలిముద్రో చాలు, కానీ ఎవరి పేరు రాయాలో అతనికే వదిలేయండి. నేను అక్క పేరు రాశాను. తన పేరు రాయలేదని అమ్మ ఇంకా అలిగే ఉంది. అలగనివ్వండి.