తిథి చూసి బోటెక్కండి: భితరకనికా ప్రయాణంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అత్తమామలు, ఇద్దరు పిల్లలతో కలిపి మేం ఆరుగురం. ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు సొంత కారులో బయల్దేరి, భితరకనికా చూసి రాత్రికి ఇల్లు చేరుకోగలమా? (ఒక గృహిణి, బరంపురం)

జవాబు: వెళ్లి రావచ్చేమో గానీ, ఒడిశా తీరాన మొసళ్లుండే ఆ మడ అడవిని చూడలేరు. ఒకవైపే 300 కిలోమీటర్ల పైమాట. కటక్ దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద హాయిగా వెళ్లిపోతారు. అక్కడి నుంచి సాలేపూర్, కేంద్రాపడా, పట్టాముండై మీదుగా రాజ్‌నగర్ దారి ఊళ్ల మధ్యలోంచి పోతుంది. సైకిళ్లు, పశువులు, సంత రోజైతే జనం. ఆ ముక్కకు గంటకు 40 కిలోమీటర్లకు మించి లెక్క వేసుకోకండి. మధ్యాహ్నానికి గేటు చేరితే ఎండ నెత్తిమీదికి వచ్చేస్తుంది, మొసళ్లు చాలావరకు నీళ్లలోకి దిగిపోతాయి.

అందుకే శనివారం ఉదయం 6కి బయల్దేరండి. భోజనం కటక్‌లో కానిచ్చి చీకటి పడకముందే రాజ్‌నగర్ చేరి, ఆ రాత్రి అక్కడే ఉండండి. ఆదివారం ఉదయం ఖోలా గేటు గానీ గుప్తి గేటు గానీ ఎంచుకుని బోటెక్కండి. తిరుగు ప్రయాణంలో కటక్‌లోనో భువనేశ్వర్‌లోనో ఇంకో రాత్రి ఆగడం మంచిది. పొద్దంతా ఎండలో బోటు మీద గడిపిన మనిషి రాత్రి 300 కిలోమీటర్లు కారు నడపడం ప్రమాదం.

ఆరుగురూ సామానూ ఎక్కితే టైర్లలో మామూలు గాలి చాలదు. నిండు బరువుకు ఎంత ఉండాలో డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరులో రాసి ఉంటుంది. బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టించండి. వేడెక్కాక చూస్తే అంకె ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. పెట్రోలు కేంద్రాపడాలోనే నింపేసుకోండి. ఆగారు కాబట్టి అక్కడి రసాబలి కూడా తినండి: వేయించిన ఛెనా (విరిగిన పాల ముద్ద) బిళ్లలు చిక్కటి పాలలో నానతాయి, నోట్లో పెట్టుకుంటే కరిగిపోతాయి.

ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డూ, చేతిలో కొంత నగదూ ఉండాలి. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు వద్దు. మనిషికి రెండు లీటర్ల చొప్పున నీళ్లు స్టీలు సీసాల్లో పెట్టండి. తిండికి పులిహోర కట్టండి. పెరుగన్నం ఎండకు పులిసిపోతుంది.

ప్రశ్న: కిందటి డిసెంబరులో వెళ్లాం. మూడు గంటలు తిరిగితే రెండు మొసళ్లు కనిపించాయి. బోటతను "నీళ్లు ఎక్కువున్నాయి" అన్నాడు. నీళ్లకూ మొసళ్లకూ ఏమిటి సంబంధం? (ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి)

జవాబు: సంబంధమంతా అక్కడే ఉంది. భితరకనికా మామూలు అడవి కాదు. బ్రాహ్మణి, వైతరణి నదులు సముద్రంలో కలిసేచోట పెరిగిన మడ అడవి. 1975లో అభయారణ్యం అయింది, 1998లో అందులోంచి 145 చదరపు కిలోమీటర్లను నేషనల్ పార్కు చేశారు. అక్కడ నీళ్లు రోజుకు రెండుసార్లు ఎక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. ఎక్కడం పోటు, దిగడం పాటు. మొసలి చల్లని నెత్తురు జీవి. చలికాలంలో ఎండ కాచుకోవాలంటే బురద గట్టు ఎక్కాలి. పోటు మీద ఉన్నప్పుడు గట్టే నీళ్లలో మునిగిపోతుంది, ఇక అదెక్కడ పడుకుంటుంది? అక్కడ 1,700కు పైగా ఉప్పునీటి మొసళ్లున్నా మీకు రెండే కనబడ్డాయంటే కారణం ఇదే అయ్యుంటుంది.

కాబట్టి క్యాలెండరులో సెలవు చూసే ముందు తిథి చూడండి. పాటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ ఉదయం 6కి నీళ్లు పూర్తిగా దిగితే, నాలుగు రోజుల తర్వాత 9.20 ప్రాంతంలో దిగుతాయి. పక్షం తిరిగేసరికి మళ్లీ దాదాపు పాత వేళకే వస్తుంది. బోటతనికి ఫోను చేసి "పున్నమి నాడు పాటు ఎన్నింటికి?" అని ఒక్కసారి అడిగి తెలుసుకుంటే మిగతా తిథులకు మీరే లెక్క కట్టుకోవచ్చు. ఉదయం 9కీ 11కీ మధ్య నీళ్లు అడుగంటే రోజు దొరికితే అంతకు మించింది లేదు. అప్పటికి ఎండ కాస్తుంది, గట్టూ బయటపడుతుంది.

అమావాస్య, పున్నములకూ ఆ తర్వాతి ఒకటి రెండు రోజులకూ ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. పాటు వేళ సన్న పాయల్లో నీళ్లు పూర్తిగా లాగేస్తాయి. లోపలికి వెళ్లిన బోటు బురదలో కూర్చుంటే మళ్లీ పోటు వచ్చేదాకా గంటల తరబడి ఆగాల్సిందే. తోయడానికి ఎవరూ దిగకూడదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు ఆ రోజుల్లో వెడల్పాటి పాయల్లోనే తిప్పమని ముందే చెప్పండి.

చూపు ఎక్కడ పెట్టాలో కూడా తెలియాలి. అప్పుడే గట్టెక్కిన మొసలి నల్లగా నిగనిగలాడుతుంది. వీపు మీద బురద ఎండాక బూడిదరంగు దుంగలా మారిపోతుంది, కళ్ల ముందున్నా కనబడదు. దాన్ని కాదు, జారుడు గీతల్ని వెతకండి. పొట్ట ఈడ్చిన చోట నున్నటి గాడి, దానికి రెండు పక్కలా గోళ్ల గుర్తులు ఉంటాయి. గాడి తడిగా మెరుస్తోందంటే అది ఇప్పుడే నీళ్లలోకి జారిందన్నమాట. ఇంజను ఆపించి నీటి మీద చూడండి, కళ్లూ ముక్కూ మాత్రమే తేలుతూ ఉంటాయి. అదే బురద మీద మేకులు దిగేసినట్టు పైకి పొడుచుకొచ్చినవి మడచెట్ల ఊపిరి వేళ్లు. వాటి మధ్య గెంతే చిన్న చేపల్ని పిల్లలకు చూపించండి.

ప్రశ్న: ఆరేళ్ల పాపతో బోటు ఎక్కవచ్చా? (రాయగడ)

జవాబు: ఎక్కవచ్చు. లైఫ్ జాకెట్ పాప కొలతది కావాలి. పెద్దవాళ్ల జాకెట్ తొడిగితే నీళ్లలో పడినప్పుడు అది పైకి లేచిపోయి పాప కిందికి జారిపోతుంది. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, చెవులు దాటి వస్తే అది వద్దు. చెయ్యి బోటు అంచు దాటకూడదు. భోజనమయ్యాక రేవులో చెయ్యి కడగడం కూడా తప్పే, సీసా నీళ్లతో కడగండి. చుట్టుపక్కల ఊళ్లలో స్నానాల రేవులకు కంచెలు కట్టింది ఊరికే కాదు. బోర్డు మీద 'కుంభీర' అన్న ఒడియా మాట కనబడితే అక్కడ మెట్టు కూడా దిగవద్దు.

దంగమాల్‌లో మొసళ్ల పెంపక కేంద్రం, చిన్న మ్యూజియం ఉన్నాయి. 1975లో మొసళ్ల సంరక్షణ మొదలైంది అక్కడే. పాపకు అడవిలో నడక కంటే అదే నచ్చుతుంది.

ప్రశ్న: వేసవి సెలవుల్లో వెళ్దామనుకుంటున్నాం. (ఛత్రపురం)

జవాబు: మే 1 నుంచి జూలై 31 వరకు మొసళ్లు గుడ్లు పెట్టే కాలమని పార్కు మూసేస్తారు. జనవరిలో కూడా లెక్కింపు కోసం కొన్ని రోజులు మూస్తారు, ఆ తేదీలు ముందే కనుక్కోండి.

ప్రశ్న: మాకు నిజంగా ఒక్క రోజే ఉంది. (గోపాల్‌పూర్)

జవాబు: అయితే నవంబరు, ఫిబ్రవరి మధ్య చిలికా ఒడ్డున మంగళాజోడి వెళ్లండి. ఉదయం 4.30కి బయల్దేరితే ఎండ ముదరకముందే పడవలో ఉంటారు. అక్కడ పడవను వెదురు గడతో నడుపుతారు, ఇంజను మోత ఉండదు, పక్షులు దగ్గర్లోనే మేస్తుంటాయి. ముదురు రంగు బట్టలు వేసుకోండి, తెల్లచొక్కా దూరం నుంచే వాటిని లేపేస్తుంది. డాల్ఫిన్ల కోసమైతే బర్కుల్‌లో బోటెక్కి డబ్బు పోగొట్టుకోకండి. అవి ఎక్కువగా తిరిగేది సరస్సు సముద్రంలో కలిసే సాతపడా వైపు. అది పూరీ జిల్లా, రోడ్డు మీదైతే చుట్టూ తిరిగి పోవాలి, కాబట్టి అదీ ఒక్క రోజు పని కాదు.