ఇంటర్నేషనల్ రిలేషన్స్‌కి కాలేజీ ఎలా చూసుకోవాలి? నేను బోల్తా పడ్డ చోటు చెప్తా

ఇంటర్నేషనల్ రిలేషన్స్, అంటే దేశాల మధ్య సంబంధాల చదువు గురించి మీరు అడిగిన ప్రశ్న మొత్తం చదివానండీ. అమ్మాయి వచ్చే ఏడాది కాలేజీలో చేరాలి, న్యూస్ పెడితే విదేశీ వార్తలే చూస్తుంది, ఎంబసీలోనో యూఎన్‌లోనో పనిచేస్తానంటోంది, మీరేమో ర్యాంకింగ్ లిస్టు ముందేసుకుని అందులో ఏవి అప్లై చెయ్యాలి అని అడుగుతున్నారు. ఆ లిస్టు కాసేపు పక్కన పెట్టండి. నేనూ అలాంటి లిస్టే పట్టుకుని వెళ్ళినవాణ్ణి.

నేను చేరిన కాలేజీ పేరు చెప్పను గానీ పేరున్నదే. బ్రోషర్లో అరబిక్ నాలుగేళ్ళు అని రాసుంది, నాకేమో అప్పట్లో మిడిల్ ఈస్ట్ పిచ్చి, ఇంకేం కావాలి అనుకున్నా. మొదటి ఏడాది క్లాసులో ఇరవై మందికి పైనే ఉన్నాం, రెండో ఏడాదికి ఆరుగురం మిగిలాం, మూడో ఏడాది మొదటి రోజు పుస్తకాలు పట్టుకుని వెళ్తే తలుపుకి టేపుతో అంటించిన కాగితం ఒకటి ఉంది, సరిపడా స్టూడెంట్స్ లేనందువల్ల ఈ కోర్సు ఈసారి నడవదు అని. ఆ తర్వాత కూడా నడవలేదు. డిగ్రీ మాత్రం వచ్చింది లెండి.

దాని ఖరీదు ఎప్పుడు తెలిసిందంటే, ఒక రీసెర్చ్ సంస్థలో ఇంటర్వ్యూకి వెళ్తే అరబిక్ పేపర్ కటింగ్ చేతిలో పెట్టి పది నిమిషాలు చదువుకుని సారాంశం చెప్పమన్నారు. హెడ్డింగ్ చదివా, మొదటి పేరా ఎలాగో నెట్టుకొచ్చా, రెండో పేరాలో ఎవరు ఎవర్ని హెచ్చరించారో అర్థం కాక తిరగేసి చెప్పా. ఎదురుగా కూర్చున్నాయన ఏమీ అన్లేదు, కాగితం వెనక్కి తీసుకుని మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. ఆ మడత ఇప్పటికీ కళ్ళ ముందుంది.

లెక్క చూడండి. అమెరికా దౌత్యవేత్తలకి భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళకి ఫ్రెంచ్, స్పానిష్ లాంటివి పనికొచ్చే స్థాయికి రావాలంటే దాదాపు 30 వారాలు పడుతుంది, అదే అరబిక్, చైనీస్, జపనీస్, కొరియన్ అయితే 88 వారాలు, అంటే 2200 గంటల క్లాసు. కాలేజీలో వారానికి 5 గంటలు, ఏడాదికి 30 వారాలు అనుకుంటే 150 గంటలు, నాలుగేళ్ళు వదలకుండా చదివినా 600. అంటే నాలుగేళ్ళు నడిచే కాలేజీ దొరికినా చాలదు, ఆ భాష మాట్లాడే దేశంలో ఒక ఏడాదో కనీసం ఒక సెమిస్టరో పంపే ఏర్పాటు కూడా ఉండాలి. రెండేళ్ళతో ఆగిపోతే నాలాగే హెడ్డింగ్ దగ్గర ఆగిపోతారు.

అందుకే కాలేజీ అచ్చేసే కోర్సుల జాబితా, అదే కేటలాగ్, నమ్మకండి. కేటలాగ్‌లో ఎప్పుడో పెట్టి మర్చిపోయిన కోర్సులు కూడా ఉంటాయి. గత రెండు మూడేళ్ళ సెమిస్టర్ షెడ్యూల్స్ తీయండి, చాలా కాలేజీలవి వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి, దొరక్కపోతే మెయిల్ పెట్టి అడగండి. అమ్మాయికి కావాల్సిన భాష మూడో ఏడాది క్లాసు నిజంగా నడిచిందా, నేర్పేది పర్మనెంట్ టీచరేనా లేక ఏడాది కాంట్రాక్టు మీద వచ్చినవాళ్ళా, ఇవి చూస్తే చాలా పేర్లు వాటంతటవే రాలిపోతాయి.

మా చెల్లి ఇదంతా నా మొహం చూసి నేర్చుకుంది. అది చేరిన చిన్న కాలేజీలో అసలు ఇంటర్నేషనల్ రిలేషన్స్ అనే డిపార్ట్‌మెంటే లేదు, హిస్టరీ ప్రధాన సబ్జెక్టుగా డిగ్రీ చేసింది, దాంతోపాటు నాలుగేళ్ళూ చైనీస్, అందులో ఒక ఏడాది ఆ భాష మాట్లాడే చోటికే వెళ్ళి చదివింది, ఎకనామిక్స్‌లో అంతర్జాతీయ వాణిజ్యం దాకా వెళ్ళింది, స్టాటిస్టిక్స్ అంటే ఏడుపే కానీ అది కూడా పాసయింది. మాస్టర్స్‌కి అప్లై చేస్తే నాకు రెండుసార్లు నో చెప్పిన చోట దానికి మొదటిసారే సీటొచ్చింది. (పండగలకి కలిసినప్పుడల్లా గుర్తు చేస్తుంది, అది వేరే సంగతి.) ఎకనామిక్స్ మాట ఎందుకెత్తానంటే, ఆంక్షలు, అప్పులు, చమురు ధరలు, సుంకాలు ఇవన్నీ అర్థం కావాలంటే అదే దారి, వార్తలు చూసే ఇంట్రెస్ట్ ఒక్కటే సరిపోదు.

పేర్లు అడిగారు కాబట్టి చెప్తా. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ వర్సిటీలో వాల్ష్ స్కూల్ ఆఫ్ ఫారిన్ సర్వీస్ 1919లో పెట్టింది, ఇంటర్ అయ్యాక నేరుగా డిగ్రీలో చేరొచ్చు, విదేశీ భాషలో ప్రావీణ్యం చూపించకపోతే పట్టా ఇవ్వరు, నాకు నచ్చింది ఆ రూలే. అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయిన వెంటనే వేల్స్‌లో సముద్రం ఒడ్డున ఉన్న అబెరిస్ట్‌విత్‌లో ఈ సబ్జెక్టుకి ప్రపంచంలోనే మొదటి డిపార్ట్‌మెంట్ మొదలైంది, కాబట్టి రాజధానిలో ఉంటేనే మంచి కాలేజీ అన్న రూలేమీ లేదు. అమ్మాయికి ఒక ప్రాంతం మీద గట్టి ఇష్టం ఉంటే ఫ్రాన్స్‌లో సియాన్స్ పో చూడండి, క్యాంపస్‌లు ప్రాంతాలవారీగా ఉంటాయి, ఆసియాకి ల హావ్ర్, మిడిల్ ఈస్ట్‌కి మాంతోన్, మూడో ఏడాది బయటి దేశంలో. లండన్‌లో ఎల్ఎస్ఈ (లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్), కింగ్స్ కాలేజీలో యుద్ధాల గురించి చదివే వార్ స్టడీస్ మీకు తెలిసే ఉంటాయి. ఇంకోటి, మీ లిస్టులో జాన్స్ హాప్కిన్స్ సైస్, టఫ్ట్స్ ఫ్లెచర్ పేర్లు కూడా రాశారు, అవి గ్రాడ్యుయేట్ స్కూల్స్ అండీ, అంటే డిగ్రీ అయ్యాక మాస్టర్స్ చదివేవి, ఇంటర్ అయ్యాక నేరుగా వెళ్ళేవి కావు, ఇప్పటికి కొట్టేయండి.

రాజధానిలో ఉంటే లాభం లేదని కాదు, ఇంటర్న్‌షిప్పులు దొరుకుతాయి, జార్జ్ వాషింగ్టన్ వర్సిటీ ఇలియట్ స్కూల్ నుంచి అమెరికా విదేశాంగ శాఖకి నడిచి వెళ్ళిపోవచ్చు. కానీ సెమిస్టర్ మధ్యలో వారానికి మూడు రోజులు ఇంటర్న్‌షిప్ చేసి భాష క్లాసు ఎగ్గొట్టేవాళ్ళని చాలామందిని చూశా, అది నాకు సుతరామూ నచ్చదు. ఇంటర్న్‌షిప్ వేసవి సెలవుల్లో చేసుకోవచ్చు.

ఇక ఉద్యోగాల సంగతి. అమెరికా ఫారిన్ సర్వీస్‌కి గానీ ఇండియాలో సివిల్స్‌కి గానీ ఫలానా సబ్జెక్టులోనే డిగ్రీ ఉండాలని రూలు లేదు. యూఎన్ వాళ్ళు కుర్రవాళ్ళని ఉద్యోగాల్లోకి తీసుకోడానికి పెట్టే యంగ్ ప్రొఫెషనల్స్ పరీక్షకి డిగ్రీ ఉండాలి, వయసు 32 దాటకూడదు, ఇంగ్లీషో ఫ్రెంచో బాగా రావాలి, పైగా మన పౌరసత్వం ఉన్న దేశం ఆ ఏడాది లిస్టులో ఉండాలి, ఆ లిస్టు ఏటేటా మారుతుంది. దానొక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దని అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. రీసెర్చ్ వైపు వెళ్ళినా, మంచి పోస్టులు చాలావాటికి మాస్టర్స్ అడుగుతారు, కాబట్టి డబ్బంతా మొదటి డిగ్రీకే ఊడ్చిపెట్టకండి, కొంత దానికి మిగల్చండి.

మధ్యలో మనసు మారితే ఎలా అని కూడా అడిగారు. మారొచ్చు, మా బ్యాచ్‌లో సగం మందికి మారింది, ఇప్పుడు బ్యాంకుల్లో, లాలో ఉన్నారు. ఇబ్బంది పడింది ఏ భాషా పూర్తిగా రాక, లెక్కలూ రాక, ఉత్త థియరీ చదివిన నాబోటి వాళ్ళమే.

కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు టూర్ తిప్పే పిల్లల వెనకాలే తిరక్కండి, రెండో ఏడాది భాష క్లాసు ఏ రూములో ఉందో కనుక్కుని, ఒక గంట వెనక బెంచీలో కూర్చోనివ్వమని అడగమనండి అమ్మాయిని. ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోమనండి. అక్కడున్న పిల్లల్నే వచ్చే ఏడాది ఈ క్లాసు నడుస్తుందా అని అడగమనండి, వాళ్ళు దాచకుండా చెప్తారు.