సౌండ్ పద్దు కొట్టివేయకు, తల్లీ

చిరంజీవి మేనకోడలికి,

ఒక కంపెనీ పరిచయ వీడియో తీసే పనిని నువ్వు సొంతంగా ఒప్పుకున్నావని అమ్మ చెప్పినప్పటి నుంచి, గర్వంతో పాటు దిగులు కూడా నన్ను వదలడం లేదు. నువ్వు పంపిన బడ్జెట్ కాగితం రెండుసార్లు చదివాను.

వీడియో ఎవరి కోసమో, చూసినవాళ్లు ఏం చేయాలో ఒక్క వాక్యంలో రాయించుకో. స్క్రిప్టు మీద చివరి మాట ఎవరిదో కనుక్కుని, షూటింగుకు ముందే వారి సంతకం తీసుకో. మార్పులు రెండు విడతలు దాటితే అదనపు రుసుమని ఒప్పందంలోనే రాయి. అనుకోని ఖర్చులకు 10 శాతం పక్కన పెట్టు.

నన్ను కలవరపెట్టింది కాగితం అడుగున ఉన్న వరుస. సౌండ్ రికార్డిస్ట్ పద్దు కొట్టివేసి, ఆ డబ్బుతో ఇంకో లెన్సు అద్దెకు తెస్తానని రాశావు. నీ వయసులో నేనూ సరిగ్గా ఆ పద్దే కొట్టివేశాను.

అది ఒక కర్మాగారం వీడియో. ఉద్యోగ విరమణ దగ్గరపడిన ఫోర్‌మన్ ఒకాయన, యంత్రం మీద చెయ్యి ఆనించి దాని వణుకును బట్టి లోపాన్ని పసిగట్టడం ఎలా నేర్చుకున్నారో చెబుతూ చెబుతూ, అరచేతిని బల్ల మీద పెట్టి కళ్లు మూసుకున్నారు. మేమెవరమూ కదల్లేదు. కెమెరాకున్న మైకుతోనే రికార్డు చేశాం. ఏసీ నడుస్తూనే ఉంది. మన చెవి అలవాటైన రొదను పక్కకు నెట్టి మాటనే వింటుంది గాని, మైకుకు ఆ విచక్షణ లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినే మనిషి లేనందువల్ల, ఆ సంగతి ఎడిటింగులో గాని తెలియలేదు. రొదను తగ్గించబోతే ఆయన గొంతు రేకుడబ్బాలోంచి వస్తున్నట్టు మారిపోయింది. అతుకుల కింద పరచడానికి ఖాళీ గది శబ్దాన్ని 30 సెకన్లయినా విడిగా పట్టుకోలేదు కనుక, కత్తిరించిన ప్రతిచోటా అతుకు బయటపడింది. మళ్లీ షూటింగుకు వెళ్లాం. వేతనాలు, అద్దెలు, ప్రయాణం అన్నీ రెండోసారి మీద పడ్డాయి. కొట్టివేసిన పద్దు వాటి ముందు ఏపాటి? ఆయన అవే మాటలు అప్పజెప్పారు. చెయ్యి మాత్రం బల్ల మీదికి రాలేదు. "ఈసారి బాగా వచ్చిందా బాబూ?" అని అడిగితే, వచ్చిందన్నాను.

నీ కన్ను మంచిదని నాకు తెలుసు. నా పాత కెమెరా కోసం పేచీ పెట్టిన పిల్లవు, లెన్సు మీద మనసు పోవడంలో వింత లేదు. అయినా ఆ లెన్సు మానుకో. కాలరు మైకు, పొడవాటి కర్రకు తగిలించి మనిషి తల పైన పట్టుకునే బూమ్ మైకు రెండూ పెట్టించు. లొకేషన్ చూడటానికి షూటింగు జరిగే వేళకే వెళ్లి, ఒక నిమిషం కళ్లు మూసుకుని విను. ఏసీ ఆపించే అధికారం ఎవరిదో అడుగు. ఫుటేజీ సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున గంటకు 45 గిగాబైట్లు అవుతుంది. మూడు ప్రతులకు సరిపడా డిస్కులు లెక్కలో వేసి, ఒక ప్రతిని వేరేచోట దాచు.

సవరించిన కాగితం పంపు. రికార్డిస్ట్ దొరకకపోతే కబురు చెయ్యి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని నేనే కూర్చుంటాను.

ఆశీస్సులతో,
మావయ్య