అడ్మిషన్ కబురు కోసం ఎదురుచూస్తుంటే రాత్రిళ్లు గుండె దడ... ఇది జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 24. పీహెచ్‌డీ కోసం తొమ్మిది యూనివర్సిటీలకు అప్లై చేశాను. రెండు రిజెక్ట్ చేశాయి. ఒకదాంట్లో వెయిట్‌లిస్ట్‌లో ఉన్నాను. మిగతా ఆరింటి నుంచి ఏ కబురూ లేదు. ఆరు వారాలుగా రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. కళ్లు తెరవగానే ఫోన్ చూస్తాను. గుండె దడదడలాడుతుంది, స్మార్ట్‌వాచ్‌లో 104, 110 అని కనిపిస్తుంది. కడుపులో మంట, తిండి సహించడం లేదు. ఈలోగా ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తానంది, పది రోజుల్లో ఏ సంగతీ చెప్పమంటున్నారు. చేరితే ఓడిపోయినట్టే అనిపిస్తోంది, వదులుకుంటే రెంటికీ చెడ్డ రేవడినవుతానేమోనని భయం. స్నేహితురాలు తను వాడే, ఆందోళన తగ్గించే అల్ప్రాజోలామ్ మాత్రలు ఇస్తే రెండు రాత్రులు సగం సగం వేసుకున్నాను. ఇది ఏదైనా జబ్బా? మందులు వాడాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి తేల్చేద్దాం. రెండు రాత్రులు సగం చొప్పున వేసుకున్నందుకు భయపడాల్సిందేమీ లేదు. కానీ మూడోసారి వద్దు. అది వేసుకున్న గంటలోపే మనసు నెమ్మదిస్తుంది. చిక్కల్లా అక్కడే ఉంది. దాని ప్రభావం దిగగానే ఆందోళన మళ్లీ ఎగదన్నుకొస్తుంది, ఇంకోటి కావాలనిపిస్తుంది. రోజూ వాడితే కొద్ది వారాల్లోనే శరీరం దానికి అలవాటు పడిపోతుంది, అప్పుడు మానడానికి కూడా డాక్టర్ సాయం కావాలి. మీ స్నేహితురాలిని ఎవరో పరీక్షించి, ఆమె అవసరం చూసి రాసి ఉంటారు. అది మీకు రాసిన మందు కాదు.

ఇక జబ్బా అన్న ప్రశ్న. మీరు రాసినదాన్ని బట్టి ఇది ఎదురుచూపు మీ శరీరం మీద పెట్టిన బరువులాగే ఉంది. అయినా మనిషిని చూడకుండా 'అంతా టెన్షనే' అని తేల్చేయడం నాకు ఇష్టం ఉండదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా దడ, నిద్రలేమి ఇలాగే వస్తాయి. రక్తం తక్కువగా ఉన్నా గుండె వేగంగా కొట్టుకుంటుంది. అందుకే ఒక్కసారి దగ్గర్లోని డాక్టర్‌కి చూపించుకుని థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, రక్తం కోసం హిమోగ్లోబిన్ పరీక్షలు, ఒక ఈసీజీ చేయించండి. కాఫీ, టీ ఎన్నిసార్లు తాగుతున్నారో మీరు రాయలేదు. సాయంత్రం ఐదింటికి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి పదింటికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత మానేసి చూడండి.

ఆ వాచ్ రాత్రిపూట తీసి వేరే గదిలో పెట్టండి. తీరిగ్గా ఉన్నప్పుడు గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవడం మామూలు. ఉలిక్కిపడి లేచిన మనిషికి 104 ఉండటంలో వింత లేదు. మీరు ఆ 104 చూసి భయపడతారు, ఆ భయానికి అది 110 అవుతుంది. ఆ అంకె మీకు రాత్రి మూడింటికి ఏ మేలూ చేయడం లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఒకటుంది. రెండు రిజెక్ట్ అయ్యాయని ఒక్క ముక్కలో రాసేశారు. మిగతా బాధంతా జవాబు రాని ఆరింటి గురించే. ఇది మీ ఒక్కరి స్వభావం కాదు. 2016లో ప్రచురించిన ఒక పరిశోధనలో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్ వాళ్లు 45 మందితో ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. తెర మీద కనిపించే రాయి కింద పాము ఉందో లేదో ఊహించాలి, ఉంటే చేతికి చిన్న కరెంట్ షాక్ తగులుతుంది. షాక్ తప్పదని తెలిసినప్పటి కంటే, తగలొచ్చు తగలకపోవచ్చు అన్నప్పుడే వాళ్లకు చెమటలు, ఒత్తిడి ఎక్కువగా కనిపించాయి. సరిగ్గా సగం సగం అవకాశం ఉన్నప్పుడు అది తారస్థాయికి చేరింది. చెడు కబురు కన్నా తెలియకపోవడమే శరీరాన్ని ఎక్కువ పీడిస్తుంది. వెయిట్‌లిస్ట్ అంటే సరిగ్గా ఆ సగం సగం చోట నిలబెట్టడమే కదా.

కాబట్టి నా చికిత్స అంతా ఒకటే దారిలో ఉంటుంది: మీ రోజులో తెలియని సంగతుల సంఖ్య తగ్గించడం.

మొదట ఫోన్. బొటనవేలితో తెరను కిందికి లాగి వదలడం, ఆ చిన్న చక్రం తిరగడం, ఏమీ లేకపోవడం, స్పామ్ ఫోల్డర్ కూడా ఓసారి చూడటం, మళ్లీ లాగడం. రోజుకు ఎన్నిసార్లో ఒకరోజు లెక్కపెట్టండి. ప్రతిసారీ మీరు ఆ పాము రాయిని ఎత్తి చూస్తున్నట్టే. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ వాళ్లు 2015లో ప్రచురించిన పరిశోధనలో, ఈమెయిల్ రోజుకు మూడుసార్లే చూసిన వారం జనానికి ఒత్తిడి తగ్గింది. మీరూ మూడు వేళలు పెట్టుకోండి, ఆఖరిది సాయంత్రం ఏడు దాటకూడదు. నోటిఫికేషన్లు ఆపేయండి. అడ్మిషన్ కబురు నాలుగు గంటలు ఆలస్యంగా చూసినందుకు ఎవరి సీటూ పోదు. ఎవరికి ఎక్కడ వచ్చిందో పోస్టులు పెట్టే గ్రూపుల నుంచి ఈ రెండు నెలలు బయటికి వచ్చేయండి. ఫోన్ చేసిన ప్రతి బంధువూ 'ఏమైందమ్మా?' అని అడుగుతుంటే, 'రాగానే నేనే చెప్తాను, అప్పటిదాకా అడగొద్దు' అని ఒక్కసారి చెప్పేయండి. అందులో మర్యాద తక్కువేమీ లేదు.

రాత్రి మూడింటి మెలకువకి కారణం ఉంది. తెల్లవారుజామున నిద్ర పలచబడుతుంది, అదే సమయంలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరగడం మొదలవుతుంది. మనసులో దిగులు ఉన్నవాళ్లకు అక్కడే కళ్లు తెరుచుకుంటాయి. మెలకువ వచ్చాక ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే పక్క మీద దొర్లొద్దు. లేచి మసక వెలుతురులో కూర్చుని ఏదైనా తేలికైనది చదవండి, కళ్లు మూతపడుతుంటేనే పక్క ఎక్కండి. ఉదయం లేచే టైమ్ మాత్రం మార్చకండి. పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపు చేయాల్సిన పనులు కాగితం మీద రాయండి. అమెరికాలోని బేలర్ యూనివర్సిటీ వాళ్లు 2018లో ప్రచురించిన పరిశోధనలో అలా రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే సగటున తొమ్మిది నిమిషాలు ముందే నిద్రపోయారు. మాత్ర లేకుండా తొమ్మిది నిమిషాలంటే తక్కువేమీ కాదు.

ఇక ఉద్యోగం. ఏది చేయమంటారని నన్ను అడిగితే చెప్పలేను, అది మీ జీవితం. కానీ ఏ స్థితిలో ఆ నిర్ణయం తీసుకోకూడదో డాక్టర్‌గా చెప్పగలను: నిద్ర లేకుండా, ఖాళీ కడుపుతో, రాత్రి మూడింటికి. ఆ వేళ మనసుకి రెండే దారులు కనిపిస్తాయి, రెండింటి చివరా గొయ్యి కనిపిస్తుంది. 'చేరితే ఓడిపోయినట్టే' అన్న మాట ఆ వేళ పుట్టిందే అనుకుంటున్నాను.

పది రోజులున్నాయి కదా. ఈరోజే రెండు ఈమెయిళ్లు రాయండి. ఒకటి కంపెనీకి: ఆఫర్ నాకు నచ్చింది, ఇంకో రెండు వారాలు గడువు ఇవ్వగలరా అని. వాళ్లు కాదంటే కాదంటారు, అడిగినంత మాత్రాన ఆఫర్ వెనక్కి తీసుకోవడం అరుదు. రెండోది జవాబు రాని యూనివర్సిటీల అడ్మిషన్ ఆఫీసులకు: నాకు ఫలానా తేదీలోగా ఒక ఉద్యోగానికి జవాబు చెప్పాల్సి ఉంది, మీ నిర్ణయం ఎప్పటికి తెలియవచ్చు అని. ఒక్కసారి, నాలుగు వాక్యాల్లో. ఇలా అడగడం అక్కడ మామూలే. వెయిట్‌లిస్ట్‌లో ఉన్న చోటికి, సీటు ఇస్తే చేరతానన్న మాట నిజమైతే అదీ రాయండి. అవి అమెరికా యూనివర్సిటీలైతే ఏప్రిల్ 15 గుర్తుంచుకోండి. అక్కడ చాలా యూనివర్సిటీలు ఒప్పుకున్న పద్ధతి ప్రకారం, ఆర్థిక సాయంతో సీటు వచ్చినవాళ్లు ఆ తేదీ దాకా జవాబు చెప్పకుండా ఆగవచ్చు. రెండు మూడు చోట్ల వచ్చినవాళ్లు ఒకటి ఉంచుకుని మిగతావి వదిలేది ఆ రోజుల్లోనే. వెయిట్‌లిస్ట్ ఎక్కువగా కదిలేది కూడా అప్పుడే. అంటే ఇప్పటి మౌనం 'కాదు' అన్నట్టు కాదు. వచ్చిన రెండు తిరస్కారాలు కూడా మీ తెలివి మీద తీర్పులు కావు. మీరు పనిచేయాలనుకున్న ప్రొఫెసర్ దగ్గర ఈ ఏడాది నిధులు లేకపోయినా అదే ఈమెయిల్ వస్తుంది.

తర్వాత ఒక పగలు, కడుపునిండా తిన్నాక, కాగితం తీసుకోండి. పీహెచ్‌డీలో మీకు నిజంగా కావాల్సింది ఏమిటో రాయండి. పరిశోధన చేసే రోజువారీ పనా? పాఠాలు చెప్పడమా? పేరు ముందు డాక్టర్ అన్న మాటా? దేశం మారడమా? ఏ జవాబైనా తప్పు కాదు, కానీ నిజం రాయాలి. ఆ ఉద్యోగంలో సోమవారం ఉదయం మీరు కూర్చుని చేసే పని ఏమిటో పక్కన రాయండి. రెండింటిలో ఏమైనా కలుస్తున్నాయా? ఆ ఉద్యోగం ఒక ఏడాది చేస్తే ఏ తలుపు మూసుకుపోతుంది? చాలా చోట్ల ఏదీ మూసుకుపోదు. ఏడాది రెండేళ్లు పనిచేసి మళ్లీ అప్లై చేసి వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు. అలాగే ఆఫర్ లెటర్‌లో నోటీస్ పీరియడ్ ఎంత, బాండ్ ఏమైనా ఉందా అన్నది సంతకానికి ముందే చదవండి. మధ్యలో సీటు వస్తే ఏం చేయాలన్న భయం సగం అక్కడే తగ్గుతుంది.

ఇంత చేసినా దిగులు పూర్తిగా పోదు, పోవాలని మీతో మీరు పోట్లాడొద్దు. కేట్ స్వీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కాలిఫోర్నియాలో లాయర్ల పరీక్ష రాసి నాలుగు నెలలు ఫలితం కోసం చూసినవాళ్లను పరిశీలించారు. దిగులును అణచాలని చేసిన ప్రయత్నాలు పెద్దగా ఫలించలేదు. పైగా ఎదురుచూస్తూ మథనపడ్డవాళ్లే చెడు కబురును మెరుగ్గా తట్టుకున్నారు. ఆ తర్వాత ఆమె బృందం చేసిన పరిశోధనల్లో, టైమ్ తెలియకుండా లీనమయ్యే పని ఏదైనా ఉన్నవాళ్లకు ఆ కాలం కాస్త తేలికగా గడిచింది. మీకు అలాంటిది ఏముందో మీకే తెలుసు. బొమ్మ గీయడమో, కోడ్ రాయడమో, బ్యాడ్మింటనో, రోజుకు ఒక గంట దానికి ఇవ్వండి.

కడుపు మంటకు వేళకి కొద్దికొద్దిగా తినడం చాలావరకు సరిపోతుంది. మలం నల్లగా రావడం, మింగడం కష్టం కావడం, బరువు తగ్గిపోవడం ఉంటే మాత్రం ఆగకుండా డాక్టర్‌ని కలవండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే అదే రోజు వెళ్లాలి. రోజంతా దేనిమీదా ఇష్టం లేకుండా, దుఃఖంతో రెండు వారాలు గడిస్తే సైకియాట్రిస్ట్‌ని కలవండి, అప్పుడు మందు అవసరమైతే వాళ్లే మీకు తగినది రాస్తారు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ క్షణమే ఇంట్లో ఒకరికి చెప్పండి. భారత్‌లో ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబర్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

రక్తపరీక్షల రిపోర్టులో తేడా ఏమైనా ఉంటే ఆ అంకెలతో నాకు మళ్లీ రాయండి. మిగిలిన అల్ప్రాజోలామ్ మాత్రలు రేపే స్నేహితురాలికి తిరిగి ఇచ్చేయండి.