మ్యాచ్ రోజు కారు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: అక్కా, మాది విజయనగరం. పోయిన ఏడాది మాంచెస్టర్‌లో ఉద్యోగంలో చేరాను. ఆఫీసు ద్వారా ఎతిహాద్ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు మూడు టికెట్లు దొరికాయి. నేనూ, నా భార్యా, నాలుగేళ్ల పాపా వెళ్దామనుకుంటున్నాం. ఈమధ్యే పాత కారొకటి కొన్నాను. స్టేడియం పెంచుతున్నారు కాబట్టి పార్కింగ్ కష్టమని అందరూ అంటున్నారు. దగ్గర్లో ఏదైనా సూపర్ మార్కెట్‌లో పెట్టి నడిచి వెళ్తే సరిపోదా? పాపతో ఆ జనంలో ట్రామ్ ఎక్కాలంటే టెన్షన్‌గా ఉంది. వేసవిలో నాన్నగారు వస్తున్నారు, ఆయన్ని కూడా ఏదైనా మ్యాచ్‌కు తీసుకెళ్లాలని ఉంది.

జవాబు: సూపర్ మార్కెట్‌లో పెట్టొద్దు తమ్ముడూ. మిగతాదంతా చదవడానికి తీరిక లేకపోయినా ఈ ఒక్క ముక్క పట్టుకో. ఎందుకు వద్దో నాకు బాగా తెలుసు, ఆ తెలివికి మేం పౌండ్లలో కట్టాం.

మాది రాజాం. 2022లో జిల్లాలు మార్చాక విజయనగరం జిల్లాలోకి వచ్చాం గానీ నేను ఊరు వదిలేనాటికి శ్రీకాకుళం జిల్లానే. మా ఆయనా నేనూ ఇక్కడికి వచ్చిన కొత్తలో నీలాగే ముందు కారు కొన్నాం. కారుంటే నిలదొక్కుకున్నట్టే అనిపించేది. ఆయనతో పనిచేసేవాళ్లు మ్యాచ్‌కు పిలిచారు. గంట ముందు బయల్దేరి, స్టేడియానికి పది నిమిషాల నడకలో ఉన్న ఒక వీధిలో కారు పెట్టాం. వీధి పొడుగునా కార్లున్నాయి. అందరూ పెట్టారు కదా, మనం పెడితే ఏమవుతుందనుకున్నాం. ఆ కార్లు ఆ వీధి వాళ్లవని, వాళ్లకు పర్మిట్లున్నాయని మాకు తట్టలేదు. మ్యాచ్ రోజుల్లో పర్మిట్ ఉన్నవాళ్లకే అని దీపస్తంభానికి చిన్న బోర్డు ఉంది. చలికి తల వంచుకుని నడిచాం, చూడలేదు. తిరిగొచ్చేసరికి అద్దం మీద పసుప్పచ్చ కవరు.

అసలు తప్పు ఆ తర్వాత చేశాం. జీతం పడ్డాక కడదామని ఆయన ఆ కవరును కారు సొరుగులో పడేశారు. 14 రోజుల్లో కడితే సగమే. 35 పౌండ్లతో పోయేది గడువు దాటి 70 అయింది. కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వేసే జరిమానా లండన్ బయట 50 లేదా 70 ఉంటుంది, తప్పును బట్టి. పర్మిట్ లేకుండా నివాసుల జాగాలో పెడితే పెద్దదే పడుతుంది. కవరు వచ్చిన రోజే కట్టెయ్యి, లేదా న్యాయమైన కారణం ఉంటే ఆ రోజే అప్పీలు రాయి. సొరుగులో మాత్రం పెట్టకు.

అంత అయ్యాక కూడా మాకు బుద్ధి పూర్తిగా రాలేదు. తర్వాతి సీజన్‌లో నువ్వు అనుకుంటున్న పనే చేశాం. ఒక దుకాణాల సముదాయంలో కారు పెట్టి, లోపలికెళ్లి పాలూ రొట్టే కొని, రసీదు జేబులో పెట్టుకున్నాం. కొనుక్కున్నాం కాబట్టి హక్కు ఉందనుకున్నాం. అక్కడ కాపలా మనిషెవరూ ఉండరు. లోపలికి వచ్చేటప్పుడూ బయటికి పోయేటప్పుడూ కెమెరా నంబరు ప్లేటును చదువుతుంది, మధ్య ఎంతసేపైందో లెక్క కడుతుంది. రెండు గంటలే అని బోర్డు మీద రాసి ఉంది. ఆట 90 నిమిషాలు, విరామం 15, రానూ పోనూ నడక, లోపలికెళ్లే వరస, చివర్లో అదనపు నిమిషాలు. ఎంత పరిగెత్తినా మూడు గంటలకు తక్కువ కాదు. కొన్నాళ్లకు ఇంటికి ఉత్తరం వచ్చింది, కౌన్సిల్ నుంచి కాదు, ఆ పార్కింగ్ నడిపే ప్రైవేటు కంపెనీ నుంచి. 100 పౌండ్లు, 14 రోజుల్లో అయితే 60. రసీదు జతచేసి ఆయన పెద్ద ఉత్తరం రాశారు. సరుకు కొన్నంత మాత్రాన సమయం పెరగదని వాళ్ల జవాబు. ఈసారి 14 రోజులు దాటనివ్వలేదు, 60 కట్టేశాం.

ఆ వారం అమ్మకు ఫోన్‌లో చెప్పాను. "ఏటే, బండి నిలబెట్టినందుకు అంత డబ్బేటే!" అంది. నాన్న రాజాంలో జనపనార మిల్లులో పనిచేసేవారు. ఆయన జీతంతో పోల్చుకుని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పౌండును రూపాయల్లోకి మార్చి చూడకూడదని ఇక్కడి పాతవాళ్లు చెప్తారు. నేను ఒప్పుకోను. మొదటి రెండు మూడేళ్లు మార్చి చూడాల్సిందే, అలా చూశాం కాబట్టే ఇల్లు కొనుక్కోగలిగాం. నువ్వు కూడా చూడు. 100 పౌండ్లంటే పది వేల రూపాయల పైమాటే.

ఇప్పుడు పరిస్థితి మా రోజులకన్నా బిగిసింది. ఆ స్టేడియం 2002 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టింది. మరుసటి ఏడాది మాంచెస్టర్ సిటీ క్లబ్ అందులోకి వచ్చింది. 2015లో దక్షిణం వైపు స్టాండు మీద ఇంకో అంతస్తు లేపారు. ఉత్తరం వైపు పనులు 2023లో మొదలుపెట్టారు. దాదాపు 7,900 సీట్లు కలిసి మొత్తం 60 వేలు దాటేలా తలపెట్టారు, పక్కనే హోటల్ కూడా. దానికి తోడు ఆ ఆవరణలోనే 2024లో కోఆప్ లైవ్ అనే కచేరీల హాలు తెరిచారు, అదొక్కటే 23 వేల మందికి పైగా పడుతుంది. ఒకప్పుడు మ్యాచ్ రోజు కార్లు నిలిపిన నేల మీద కట్టారు దాన్ని. జనం పెరిగారు, కార్ల జాగా తగ్గింది. ఇది చూసుకోక జరిగిన పొరపాటు కాదు. జనాన్ని ట్రామ్ ఎక్కించాలనే వాళ్ల ఉద్దేశం, చుట్టుపక్కల వీధుల్లో నివాసుల కోసం పర్మిట్ల జోన్ కూడా పెట్టారు. మన విజయనగరంలో పైడితల్లమ్మ జాతర సిరిమాను రోజున మూడు లాంతర్ల కూడలి దగ్గర బండి పెట్టుకోవాలని ఎవరైనా అనుకుంటారా? ఊరి బయటే దిగి నడుస్తారు. ఇక్కడ ఏడాదిలో చాలా వారాలు అలాంటి రోజే అనుకో.

కాబట్టి కారు ఇంటి దగ్గరే ఉంచు. పికడిల్లీ స్టేషన్ నుంచి ఆష్టన్ వెళ్లే ట్రామ్ ఎక్కితే న్యూ ఇస్లింగ్టన్, హోల్ట్ టౌన్ దాటాక మూడోది ఎతిహాద్ క్యాంపస్. పది నిమిషాల్లోపే. ఆష్టన్ న్యూ రోడ్డు మీదుగా పోయే 216 బస్సు కూడా ఉంది, చవక, కాకపోతే మ్యాచ్ రోజు ఆ రోడ్డు కదలదు. మీ ఇల్లు ట్రామ్‌కు దూరమైతే, కారు తీయక తప్పదంటే, ఆష్టన్ వైపు నుంచి రా. ఆష్టన్ మాస్, ఆష్టన్ వెస్ట్ స్టాపుల దగ్గర పార్క్ అండ్ రైడ్ ఉంది, పార్కింగ్‌కు డబ్బు తీసుకోరు. అక్కడ పెట్టి అదే లైనులో ఎదురుగా వస్తే స్టేడియం దగ్గర దిగొచ్చు. మ్యాచ్ రోజు త్వరగా నిండిపోతాయి, మధ్యాహ్నం ఆటకు ఉదయమే వెళ్లాలి. కొందరు తమ ఇంటి ముందు జాగాను యాప్‌లలో అద్దెకిస్తారు. మోసమేమీ లేదు గానీ, మ్యాచ్ రోజు ఆ అద్దె చూస్తే నీకే మనసొప్పదు.

ట్రామ్‌లో ఒక్క సంగతి మాత్రం జాగ్రత్త. ఈ స్టాపుల్లో గేట్లుండవు, ఎవరూ ఆపరు. ప్లాట్‌ఫాం మీద యంత్రానికి కార్డు ఆనించి ఎక్కాలి, దిగాక మళ్లీ ఆనించాలి. దిగాక మర్చిపోతే ప్రయాణం ఎక్కడ ముగిసిందో దానికి తెలియదు, ఎక్కువ డబ్బు లాగేస్తుంది. ఒక కార్డు ఒక్క మనిషికే. నీ కార్డుతో నువ్వు, తన కార్డుతో మీ ఆవిడ. ఎక్కేటప్పుడు కార్డూ దిగేటప్పుడు ఫోనూ వాడకు, రెండూ ఒకే బ్యాంకు ఖాతావైనా యంత్రానికి వేర్వేరే. ఈ పద్ధతి వచ్చిన కొత్తలో మేం ఒకే కార్డును ఇద్దరికీ రెండుసార్లు ఆనించి, ఇద్దరికీ కట్టేశామనుకున్నాం. తనిఖీ ఆవిడ వచ్చి చూసి, మా ముఖాలు చూసి వదిలేసింది. మాకు కలిసొచ్చింది, నీకు కలిసొస్తుందని నమ్మకం లేదు. పాపకు ఐదు నిండలేదు కాబట్టి తనకు డబ్బు అక్కర్లేదు.

దీన్ని చిన్న విషయంగా తీసుకోకు. పార్కింగ్ జరిమానా సివిల్ వ్యవహారం, లైసెన్సు మీద పాయింట్లు పడవు, కట్టేస్తే అక్కడితో సరి. ట్రామ్‌లో చెల్లించకుండా పట్టుబడితే జరిమానా నూరు పౌండ్లు దాటుతుంది, కట్టకుండా ఊరుకుంటే కోర్టుకు పోతుంది. అక్కడ శిక్ష పడితే రేపు వీసా పొడిగింపు కాగితంలో రాయాల్సి వస్తుంది. మన పిల్లలు కారు దగ్గర భయపడి ట్రామ్‌లో నిర్లక్ష్యంగా ఉంటారు. ఛార్జీలు, జోన్లు, రోజువారీ పరిమితి లాంటివి ఇక్కడి ట్రామ్‌ల (మెట్రోలింక్) సైటులో చూసుకో, మారుతుంటాయి. వారాంతాల్లో ఆ రోజువారీ పరిమితి తక్కువ, అది మాత్రం గుర్తుంచుకో.

జనం గురించి నువ్వు అడిగింది సబబే. వెళ్లేటప్పుడు ఇబ్బంది ఉండదు, అందరూ విడివిడిగా వస్తారు, గంటన్నర ముందు వెళ్తే ట్రామ్‌లో పాపకు సీటు కూడా దొరుకుతుంది. తిరిగొచ్చేటప్పుడే కష్టం. ఆట ముగియగానే వేలమంది ఒకే స్టాపుకు వస్తారు. సిబ్బంది తాళ్లు కట్టి, వరసలో నిలబెట్టి, ట్రామ్‌కు ఇంతమంది చొప్పున వదులుతారు. తోపులాట ఉండదు, వరస తప్పితే పక్కవాళ్లే ఊరుకోరు. కానీ ఆ చలిలో పాపను ఎత్తుకుని నిలబడటం కష్టం. రెండు దార్లున్నాయి. మొదటిది, తొందరపడకుండా మీ సీట్లలోనే కాసేపు కూర్చుని, తర్వాత స్టేడియం బయట అటూ ఇటూ తిరిగి, అరగంట ముప్పావుగంట ఆగి స్టాపుకు రావడం. రెండోది పికడిల్లీ దాకా నడవడం, అరగంట పడుతుంది. దారి పొడుగునా మ్యాచ్ చూసిన జనమే ఉంటారు, భయం లేదు. నేనైతే పిల్లలు చిన్నప్పుడు మొదటిదే చేశాను, ఇప్పుడు నడుస్తాను. ఇంటి నుంచి ఉడికించిన గుడ్లో పులిహోరో పెట్టుకెళ్లి ట్రామ్ ఎక్కేముందే తినిపించు, స్టేడియంలో ధరలు చూసి బాధపడక్కర్లేదు. పెద్ద సంచి తీసుకెళ్లకు, గేటు దగ్గర ఆపుతారు, కొలతలు క్లబ్ సైటులో ఉంటాయి. గొడుగు వద్దు, ముగ్గురికీ టోపీ ఉన్న రెయిన్ కోట్లు చాలు.

రాత్రి ఎనిమిదింటికి మొదలయ్యే ఆటైతే ముగిసేసరికి పది అవుతుంది. ఆపైన వరస. పికడిల్లీ నుంచి మీ ఇంటికి చివరి బస్సో ట్రామో ఎప్పుడో ముందే చూసుకో. అది తప్పి టాక్సీ ఎక్కితే మ్యాచ్ రాత్రి రేట్లకు మిగిల్చిందంతా పోతుంది. నిజం చెప్పాలంటే నాలుగేళ్ల పిల్లతో రాత్రి ఆటకు వెళ్లొద్దనే అంటాను. నీ టికెట్లు ఏ పూటవో రాయలేదు. రాత్రివైతే మార్చుకునే వీలుందేమో ఆఫీసులో అడుగు.

కారు సంగతి కూడా ఒక మాట. వచ్చి ఏడాది తిరక్కుండానే కొన్నావు, సంతోషమే. మన దేశపు లైసెన్సుతో ఇక్కడ 12 నెలలే నడపొచ్చు, నీకు ఆ గడువు దగ్గర పడుతూ ఉండాలి. ఇక్కడి పరీక్షకు తేదీ దొరకడం అంత తేలిక కాదు, ఇప్పుడే మొదలుపెట్టు. ఇన్సూరెన్సు, రోడ్డు పన్ను, కారు రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో ఏడాదికోసారి చూసే ఎంఓటీ పరీక్ష, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి కూడి చూడు. మేం అలా రాసుకున్న నెలలోనే కారు అమ్మేశాం. కొన్నేళ్లు బస్సుల్లోనే తిరిగాం, పెద్దమ్మాయి పుట్టాక మళ్లీ కొన్నాం. ఆ మధ్యలో మిగిలిన డబ్బే ఇంటి అడ్వాన్సులోకి వెళ్లింది. నిన్ను అమ్మెయ్యమనడం లేదు, కూడి మాత్రం చూడు.

నాన్నగారి విషయానికొస్తే, మన పెద్దవాళ్లకు ఫుట్‌బాల్ కన్నా క్రికెట్టే నచ్చుతుంది. ఓల్డ్ ట్రాఫోర్డ్ క్రికెట్ మైదానానికి తీసుకెళ్లు. 2025 జూలైలో మనవాళ్లు టెస్టు ఆడి, రెండో ఇన్నింగ్స్‌లో గిల్, జడేజా, సుందర్ సెంచరీలు కొట్టి డ్రా చేసిన చోటు. అదే పేరుతో మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ స్టేడియం కూడా కాస్త దూరంలో ఉంది, టికెట్ కొనేటప్పుడు చూసుకో. ఓల్డ్ ట్రాఫోర్డ్ ట్రామ్ స్టాపు క్రికెట్ మైదానానికి ఆనుకునే ఉంటుంది, ఆయన ఎక్కువ నడవక్కర్లేదు. కౌంటీ జట్టు ఆడే మామూలు రోజున వెళ్తే టికెట్ చవక, జనమూ తక్కువ, నచ్చిన చోట కూర్చోవచ్చు. అక్కడికి కూడా కారు తియ్యకు.