పేర్లు పోయినా పల్లవి పోలేదు

ప్రశ్న: మతిమరుపు జబ్బుతో మా మామ్మ నా పేరే మరచిపోయింది. రామదాసు కీర్తన మాత్రం తప్పు లేకుండా పాడుతుంది. ఇదెలా సాధ్యమండీ?
– ఓ పాఠకురాలు, అమలాపురం

జవాబు: సాధ్యమేనమ్మా. అల్జీమర్స్‌లో నిన్నటి సంగతులు, పేర్లు ముందు జారిపోతాయి. చిన్నప్పటి పాటలు చాలామందిలో ఎక్కువకాలం నిలుస్తాయి. పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది, తాళం తర్వాతి మాటను అందిస్తుంది.

మా అమ్మ ఆఖరి ధనుర్మాసంలో ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఓ తెల్లవారుజామున వీధిలో హరిదాసు చిడతలు వినపడగానే మంచం పట్టె మీద వేళ్లతో తాళం వేసింది. "బియ్యం పొయ్యవే" అంది. ఆయన నెత్తి మీది అక్షయపాత్రలో నేనే పోశాను. నన్ను గుర్తుపట్టలేదు గానీ హరిని గుర్తుపట్టింది. అది నా నమ్మకం.

మందులు డాక్టరు గారు చెప్పినట్టే వాడండి. "నేనెవరో చెప్పు" అని ఆవిడకి టెన్షన్ పెట్టకండి. పక్కన కూర్చుని పల్లవి మీరు ఎత్తుకోండి, చరణం ఆవిడకి వదిలేయండి.