గిటార్ కొనే ముందు నెక్ చూడు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. అన్నీ బాగున్నాయి, చూడ్డానికి. రంగు, పాలిష్, తీగల కదలికని కరెంటు సంకేతంగా మార్చే పికప్‌లు ఎన్ని, ఏ కంపెనీవి, అన్నీ రాశావు. నెక్, అంటే తీగలు నొక్కే పొడవాటి కాడ, ఎలా ఉందో మాత్రం ఒక్కదాని గురించీ రాయలేదు. అసలు చూడాల్సింది అదే. మిగతావన్నీ తర్వాత మార్చుకోవచ్చు. నెక్ మెలి తిరిగి ఉంటే ఆ గిటార్‌కి పెట్టే ప్రతి రూపాయీ దండగే.

ముందు డబ్బు సంగతి. నీ దగ్గరున్న 20 వేలూ గిటార్ మీదే పోసెయ్యకు. మూడొంతుల్లో రెండొంతులు దానికి చాలు. మిగిలినది శబ్దం పెంచే చిన్న యాంప్‌కి, మంచి కేబుల్‌కి, సెటప్‌కి (తీగల ఎత్తు, శ్రుతి సరిచేయించడానికి) ఉంచుకో. ఎలక్ట్రిక్ గిటార్ శబ్దంలో పెద్ద వాటా యాంప్‌దే. హాస్టల్లో ఉంటావు కాబట్టి హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్నది తీసుకో, పక్క గది వాళ్లతో గొడవ ఉండదు.

ఫెండర్ వాళ్ల చవక రకాలు స్క్వయర్ పేరుతో, గిబ్సన్ వాళ్లవి ఎపిఫోన్ పేరుతో వస్తాయి. యమహా పసిఫికా, ఐబనెజ్ జియో కూడా నమ్మకంగా కొనొచ్చు. నా ఓటు స్ట్రాట్ ఆకారానికే. స్ట్రాట్ అంటే ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్, 1954లో వచ్చింది, ఇప్పటికీ ఊరంతా దాన్నే కాపీ కొడుతోంది, అందుకే విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి. కాకపోతే చవక గిటార్లలో కొలతలు కొంచెం తేడాగా ఉంటాయి. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) మీద తీగల మధ్య దూరం తక్కువ, కొన్నిటికి బాడీ పల్చన. ఏ పార్ట్ ఆర్డర్ చేసినా ముందు స్కేలు పెట్టి కొలుచుకో. స్ప్రింగుల మీద తేలే ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జ్ ఉన్నది మాత్రం ఈ ధరలో వద్దు. ఒక్క తీగ తెగితే మిగతా అయిదూ శ్రుతి తప్పుతాయి, కొత్తవాడికి అది నరకం.

షాపులో గిటార్‌ని బ్రిడ్జ్ వైపు నుంచి పట్టుకుని, ఒక కన్ను మూసి నెక్ పొడవునా చూడు. కాస్త లోపలికి వంగి ఉంటే భయం లేదు, నెక్ లోపల ఉండే కడ్డీ, ట్రస్ రాడ్‌తో సరిచేస్తారు. ఒక అంచు పైకి, ఇంకో అంచు కిందికి మెలి తిరిగి కనిపిస్తే అక్కడే పెట్టేసి వచ్చెయ్. తర్వాత లావు తీగని మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కు. మధ్యలో ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య పల్చటి విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే చాలు. ఆ తర్వాత ఆరు తీగల మీదా ప్రతి ఫ్రెట్టూ ఒక్కొక్కటిగా మీటు. సేల్స్ కుర్రాడు విసుక్కున్నా పట్టించుకోకు. ఏదో ఒక్క చోటే స్వరం చచ్చిపోతుంటే బ్రిడ్జ్ వైపు తర్వాతి ఫ్రెట్ లేచి ఉండొచ్చు. అంచుల వెంట అరచెయ్యి జరిపి చూడు, గీసుకుంటే ఫ్రెట్ చివరలు ఆకురాయితో అరగదీయాల్సి ఉంటుంది. వాల్యూమ్ నాబ్ గరగరలాడితే పెద్ద విషయం కాదు, క్లీనర్ స్ప్రేతో పోతుంది. ధర తగ్గించమనడానికి మాత్రం పనికొస్తుంది.

కొన్నాక మొదటి ఖర్చు కొత్త తీగలు, సెటప్. 9 నుంచి 42 గేజ్ (తీగల మందం) ఉన్న సన్న సెట్ వేయించు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉండేలా చూడమను. అక్కడ హార్మోనిక్ (నొక్కకుండా వేలు ఆనించి మీటిన స్వరం), నొక్కిన స్వరం రెండూ ట్యూనర్‌లో ఒకేలా రావాలి. రాకపోతే బ్రిడ్జ్ మీద తీగ ఆనే శాడిల్ జరుపుతారు. చవక గిటార్లలో ఎవరూ పట్టించుకోనిది నట్, అంటే నెక్ చివర తీగలు ఆనే గాడుల పట్టీ. ఫ్యాక్టరీలో గాడులు లోతు తక్కువగా కోసి వదిలేస్తారు. దాంతో ఎఫ్ కార్డ్ (కలిపి నొక్కే స్వరాల గుంపు) పట్టడానికి వేళ్లు నొప్పెడతాయి, మొదటి ఫ్రెట్ స్వరాలు శ్రుతి ఎక్కువ పలుకుతాయి. శ్రుతి నిలవకపోతే ట్యూనింగ్ కీలు బాగాలేవని వెంటనే కొత్తవి కొనేస్తుంటారు. కీ తిప్పుతున్నప్పుడు టింగుమని చప్పుడొస్తే తీగ నట్‌లో ఇరుక్కుంటోందన్నమాట. గాడిలో పెన్సిల్ ముక్కు రుద్దు, చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

సన్న తీగలు వేయమన్నది ఊరికే కాదు. నువ్వు వయొలిన్ నేర్చుకున్నావు, రేపో మాపో గిటార్ మీద గమకాలు పట్టాలనిపిస్తుంది, అప్పుడు తీగ సాగాలి. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారు కర్ణాటక సంగీతం కోసం జంట తీగలు వదిలేసి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించారు. అప్‌గ్రేడ్ అంటే నా దృష్టిలో అది. నలుగురూ మార్చారని పికప్‌లు మార్చడం కాదు.

పికప్‌లు చివరి ఖర్చు. ముందు పక్క స్క్రూలు తిప్పి వాటి ఎత్తు సర్ది చూడు, పైసా ఖర్చు లేదు. మరీ తీగలకి దగ్గరగా పెడితే అయస్కాంతం తీగని లాగి శ్రుతి వణుకుతుంది. సింగిల్ కాయిల్‌కి (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) కొంత హమ్, అంటే గుయ్‌మనే మోత, సహజం, నువ్వు తిరిగి కూర్చుంటే తగ్గుతుంది చూడు. లోపల రాగి టేపు అంటిస్తే ఇంకా తగ్గుతుంది. తీగలు ముట్టుకుంటే హమ్ పెరిగితే మాత్రం వైరింగ్‌లో గ్రౌండ్ సరిగా లేదేమో చూపించు. షాక్ కొట్టినట్టు జివ్వుమంటే వెంటనే ప్లగ్ తీసెయ్, ఎర్తింగ్ చూపించేదాకా ముట్టుకోకు. మూడో పిన్ను విరిచేసి వాడమని ఎవడైనా సలహా ఇస్తే వాడి మాట ఇంకెప్పుడూ వినకు. ఏడాది వాయించాక కూడా శబ్దం నచ్చకపోతే అప్పుడు పికప్ మార్చు. సింగిల్ కాయిల్‌కి 250కె పాట్లు (వాల్యూమ్ నాబ్ కింద ఉండే రెసిస్టర్లు), రెండు చుట్టల హంబకర్‌కి 500కె వేస్తారు. తీసిన పాతవి పారెయ్యకు, గిటార్ అమ్మేటప్పుడు తిరిగి బిగించి, మంచివి నీ దగ్గరే ఉంచుకోవచ్చు.

సెలవులకి వైజాగ్ తీసుకొస్తే వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగలు తుడువు. ఇక్కడి గాలికి ఇట్టే తుప్పు పడతాయి.

శనివారం షాపుకి వెళ్లాక వీడియో కాల్ చెయ్యి, నెక్ నాకూ చూపించు. మీ అమ్మకి ధర ఎంతని చెప్పావో కూడా ముందే చెప్పు. తను అడిగితే నేను వేరే అంకె చెప్పకూడదు కదా.

మామయ్య